నీలం సుద్దగీత

కీచుమంటే వదులు, గుయ్యిమంటే బిగువు. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. మిగతా కోడళ్లకు అత్తగారు ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపిస్తారు. నాకు మామగారు కారు బానెట్ ఎత్తి బెల్టు చూపించారు.

"ఇదిగో అమ్మాయ్, ఈ పెద్ద చక్రం ఇంజన్‌ది. ఈ చిన్నది డైనమోది. రెంటినీ కలిపి తిప్పేది ఈ బెల్టు. వదులైతే జారిపోయి కీచుమంటుంది. మరీ బిగిస్తే డైనమో లోపల బేరింగు నలిగి గుయ్యిమని ఏడుస్తుంది. బొటనవేలితో నొక్కి చూడు. కాస్త లొంగాలి, కాస్త ఎదురు తిరగాలి. కొత్త కోడల్లాగా" అని ఆయన నవ్వారు.

నేను నవ్వలేదు. నాకు అంత తొందరగా నవ్వు రాదు, కోపమే ముందొస్తుంది. కానీ ఆ రోజే ఆయన నాకు నచ్చేశారు.

మామయ్యగారు ఉద్యోగమంతా నీళ్ల పంపుల స్టేషన్‌లోనే చేశారు. అన్నేళ్లు ఆ మోటార్ల హోరులో బతికిన మనిషికి న్యాయంగా చెవులు పోవాలి. ఈయనకు పదునెక్కాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర ఆనించి కళ్లు మూసుకుంటే చాలు, లోపల ఏది బుద్ధిగా పని చేస్తోందో, ఏది మొరాయిస్తోందో చెప్పేస్తారు. ఈ కారు నడపడం నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడది నా బతుకుతెరువు కూడా. నా పని కర్టెన్లు. కొలతలు తీసుకుని, ఇంట్లో కుట్టి, వాళ్ల ఇళ్లకు వెళ్లి బిగించి వస్తాను. కారు పైన నిచ్చెన, వెనక సీట్లో రాడ్లు, గుడ్డల చుట్టలు, స్టీరింగు ముందు నేను. సాయంత్రం గేటు దగ్గర ఆగగానే మామయ్యగారు నన్ను పలకరించరు. "ఏమంటోంది?" అని కారు సంగతి అడుగుతారు.

ఆయనకు ఉన్న భయం ఒక్కటే. అది వాళ్ల అన్నయ్యగారి దగ్గర పట్టుకున్న భయం. పెద్దమామయ్యగారు చివరి రోజుల్లో కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతికేవారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందని మేం నవ్వాం. తర్వాత చేసిన పని చేయలేదన్నారు, చేయని పని చేశానని పోట్లాడారు. చివరికి ఒకరోజు తమ్ముడి మొహంలోకి చూసి "ఎవరు బాబూ నువ్వు?" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మామయ్యగారు అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి ఆయన రోజూ తనకు తానే పరీక్ష పెట్టుకుంటారు. పొద్దున్నే కళ్లు మూసుకుని, టూల్ బాక్సులో ఉన్న పానాలన్నిటినీ వరసగా చెప్పుకుంటారు. తర్వాత మూత తీసి సరిచూసుకుంటారు. సరిపోతే ఆ పూట కాఫీ రుచిగా ఉందంటారు. అత్తయ్యేమో అదంతా తన చేతి చలవ అనుకుంటుంది.

"నాకూ అలాగైతే ముందు నువ్వే చెప్పాలమ్మాయ్" అన్నారు ఒకసారి నాతో. "మీ అత్తయ్య చెప్పదు, ఏడుస్తుంది. మావాడు చెప్పడు, డాక్టర్లకి ఫోన్లు చేస్తాడు. నువ్వైతే మొహం మీద అనేస్తావు."

"అనేస్తాను" అన్నాను. అప్పుడు అది చాలా తేలిక మాట.

ఇక మా ఆయన సంగతి. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఇంట్లో కూడా అదే ఉద్యోగం, జీతం ఉండదంతే. నిరుడు మామయ్యగారు ఇంజన్ తిరుగుతుండగా వంగినప్పుడు చొక్కా చెయ్యి బెల్టులో చిక్కుకుని చూపుడువేలి కొస తెగింది. కుట్లు పడ్డాయి. వేలు మానింది కానీ మా ఆయన భయం మానలేదు. బానెట్ మీద "అనుమతి లేకుండా తెరవరాదు" అని ఎర్రటి స్టిక్కర్ అంటించారు.

"శబ్దం వస్తే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు. నువ్వు కూడా తెరవకు. నువ్వు తెరిస్తే నాన్న వచ్చి చెయ్యి పెడతాడు" అని నాకు ఆర్డరు వేశారు.

సరేనన్నాను. మామయ్యగారూ సరేనన్నారు. మా ఇంట్లో సరే అంటే తర్వాత చూద్దాం అని.

ఈ వేసవిలో కారు కీచుమనడం మొదలుపెట్టింది. బయల్దేరినప్పుడు బాగానే ఉండేది. నాలుగు మలుపులు తిరిగేసరికి కుక్క తోక తొక్కినట్టు ఒక్క అరుపు. కర్టెన్లు బిగించడానికి వెళ్తే, నేను బెల్లు కొట్టక్కర్లేకుండానే తలుపులు తెరిచేవారు. ఆర్డరు ప్రకారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతని షాపు మా వీధి చివరే, తిన్నగా వెళ్తే చాలు. అక్కడ మా కారు నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది. అతను ఇంజన్ వేశాడు, ఆపాడు, లైట్లు వేసి చూశాడు. "అక్కా, బండి బంగారంలా ఉంది. శబ్దం వచ్చినప్పుడు తీసుకురండి" అన్నాడు. శబ్దం వచ్చినప్పుడు నేను నిచ్చెనతో ఊరి రెండో కొసన ఉంటాను.

ఆ తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. సాయంత్రం కీచుమంటూ ఇంటికొచ్చిన కారు పొద్దున్నే గుయ్యిమనడం మొదలుపెట్టింది. సన్నగా, దోమ చెవిలో దూరినట్టు. నాకు పాఠం గుర్తుంది కదా! గుయ్యిమంటే బిగువు. మా ఆయన మోటార్ సైకిల్ మీద వెళ్లేదాకా ఆగాను. మామయ్యగారు నడకకు వెళ్లారు. అత్తయ్య స్నానానికి వెళ్లింది. ఇంజన్ ఆపి, ఎర్ర స్టిక్కర్ వంక చూడకుండా బానెట్ ఎత్తాను. బెల్టు నొక్కితే వీణ తీగలా ఉంది, లొంగదే! నా రాడ్ల సంచిలోని పానాతో డైనమో పట్టీ మీది నట్టు తిప్పి బెల్టు కాస్త సడలించి, మళ్లీ బిగించాను. గుయ్యి పోయింది. గర్వంగా బయల్దేరాను. నాలుగు మలుపులు తిరిగాక కీచు!

సాయంత్రం కీచు, మర్నాడు పొద్దున గుయ్యి. నేను సడలించడం, అది మళ్లీ బిగుసుకోవడం. రాత్రికి రాత్రి బెల్టు తనంతట తనే ఎలా బిగుసుకుంటుందో నాకు అర్థం కాలేదు. మామయ్యగారిని అడుగుదామంటే, అడిగిన మరుక్షణం ఆయన బానెట్‌లో ఉంటారు. అందుకే నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం ఎంత అరుదో, అంత ప్రమాదం కూడా.

ఒక పొద్దున నట్టు మీద నుంచి పట్టీ మీదికి అడ్డంగా ఒక నీలం గీత కనిపించింది. దర్జీ సుద్ద, నాదే. చేతికి అంటుకున్న సుద్ద నిన్న తగిలి ఉంటుందనుకున్నాను. గీత కనబడితే తుడిచేయడం నాకు జబ్బులాంటిది. కుట్టు పూర్తయ్యాక గుడ్డ మీద గీత మిగిలితే ఆ పని చేసినట్టే కాదు. తడిగుడ్డతో శుభ్రంగా, మరక కూడా లేకుండా తుడిచి, నట్టు సడలించి వెళ్లిపోయాను.

మర్నాడు మామయ్యగారు నా కుట్టుమిషను దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, మొన్న సాయంత్రం నువ్వొచ్చాక నేనెక్కడున్నాను?"

"ఎక్కడుంటారు? మొక్కలకి నీళ్లు పోస్తున్నారు."

"అంతేనా?"

"అంతేగా మరి. ఇంకేం చేస్తారు?"

ఆయన తలూపి వెళ్లిపోయారు. బల్ల మీద కాఫీ అలాగే చల్లారిపోయింది.

ఆ తర్వాత గేటు దగ్గర "ఏమంటోంది?" అన్న మాట ఆగిపోయింది. కారు వీధి చివరి నుంచే అరుస్తూ వచ్చేది, ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. పొద్దున పానాల పరీక్ష కూడా మానేశారు. ఒకరోజు నేను కిటికీలోంచి చూశాను. మూసిన బానెట్ ముందు నిలబడి, రెండు వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నారు. పెద్దమామయ్యగారు అచ్చం అలాగే నిలబడేవారు.

మొహం మీద అనేస్తానన్నాను కదా. అనలేకపోయాను. అన్నం వడ్డించేటప్పుడు నోటిదాకా వచ్చింది, ఇంకో ముద్ద పెట్టుకోమని మాట మార్చాను. రాత్రి మా ఆయనతో చెబుదామనుకుని, డాక్టర్లకు ఫోన్లు గుర్తొచ్చి, అటు తిరిగి పడుకున్నాను. నా మీద నాకే చిరాకు వేసింది. ఊరందరితో గొడవ పడగలిగినదాన్ని, కావాల్సిన మనిషి దగ్గర పిరికిదాన్నయ్యాను.

శనివారం మధ్యాహ్నం పడకగది కర్టెన్ ఒకటి కుడుతుంటే మామయ్యగారు వచ్చారు. చేతిలో టూల్ బాక్సు. తెచ్చి నా మిషను పక్కన పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచుకో అమ్మాయ్."

"ఎందుకూ?"

"ఎక్కడ పెట్టానో మర్చిపోయేలోపు."

నా కాలు మిషను మీద ఆగిపోయింది.

"నువ్వు చెప్తావనుకున్నాను, చెప్పలేదు. నీ తప్పు కాదులే. నేనే చెప్తున్నాను" అన్నారు ఆయన, నా మొహంలోకి చూడకుండా. "వాడొద్దన్నా నేను రోజూ సాయంత్రం బెల్టు బిగిస్తున్నాను. అంటే, బిగించానని అనుకుంటున్నాను. మర్నాడు మళ్లీ అరుచుకుంటూ వస్తుంది. చూస్తే నట్టు వదులు. మొదట్లో నట్టు అరిగిందనుకున్నా. తర్వాత అనుమానం వచ్చి, నీ డబ్బాలోంచి నీలం సుద్ద తీసి, బిగించిన చోట గీత గీశాను. గీత ఉంటే నేను చేసినట్టు, లేకపోతే చేయనట్టు. మర్నాడు చూస్తే గీత లేదు, కనీసం మరక కూడా లేదు. నిన్నడిగితే నేను మొక్కల దగ్గరే ఉన్నానన్నావు. అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైందమ్మా."

నా చేతిలో కర్టెన్ ఉంది. దాని అంచు మీద నీలం గీత ఉంది. నేను దాన్ని చూశాను, ఆయన్ని చూశాను.

"ఆ గీత నేను తుడిచేశాను మామయ్యా."

"ఏ గీత?"

"నట్టు మీంచి పట్టీ మీదికి అడ్డంగా ఉన్నది. నేనే తడిగుడ్డతో తుడిచాను. నట్టు వదులు చేస్తున్నదీ నేనే, రోజూ పొద్దున్నే."

"నువ్వా? ఎందుకు?"

"గుయ్యిమంటోంది కనక! గుయ్యిమంటే బిగువని చెప్పింది మీరు కాదూ?" ఏడుపొస్తుంటే నాకు గొంతు పెరుగుతుంది, అదొక దరిద్రపు అలవాటు.

ఆయన మెల్లగా గుడ్డల చుట్ట మీద కూర్చున్నారు.

"అంటే నేను బిగించాను."

"బిగించారు."

"రోజూ."

"రోజూ. అదీ మరీ గట్టిగా."

"గీత కూడా గీశాను."

"గీశారు. నా కొత్త సుద్ద కొస విరగ్గొట్టి మరీ గీశారు."

"అయితే నాకేం కాలేదా?"

అంత పెద్దాయన అలా చిన్నపిల్లాడిలా అడిగితే ఇంకెవరికైనా ఏమయ్యేదో కానీ, నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. "మీకేం కాలేదు మామయ్యా. మీకు పట్టిన రోగం నేనే."

ఆయన నవ్వారు. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, చివరికి కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వు పూర్తవకుండానే కోపం వచ్చింది.

"వారం రోజులుగా నిద్ర లేదు నాకు! గీతలు తుడవడానికి ఇంజనేమన్నా నీ పరదా గుడ్డా? ఏదీ, ఆ డబ్బా ఇటివ్వు."

డబ్బా ఇచ్చాను. ఇద్దరం బయటికి నడిచాం. నేను పొద్దున్నే ఒక ఇంటికి వెళ్లొచ్చాను, కారు అరుస్తూనే వచ్చింది. ఇంజన్ ఆరి ఉంది, తాళంచెవి నా జేబులో. ఆయన చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, తెగిన వేలు నాకు చూపించి, "బుద్ధొచ్చిందిలే" అని బానెట్ ఎత్తారు.

"ఇప్పుడు ఆలోచించు" అన్నారు. పాత గొంతు తిరిగొచ్చింది. "నువ్వు సరిగ్గానే సడలించావు. నా బిగింపు రోడ్డెక్కనే లేదు, నువ్వు సరిగ్గా పెట్టినా అరుస్తోంది. అంటే తప్పు బిగువులో లేదు. బెల్టు జారుతోందంటే దాని మీద ఏదో ఉంది."

బెల్టు లోపలివైపు వేళ్లతో రాసి, వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దారు. నురగ వచ్చింది. నేను వాసన చూశాను. నిమ్మకాయ వాసన.

ఇద్దరం ఒకేసారి తల పైకెత్తాం. ఇన్నాళ్లూ ఇద్దరం నట్టునే చూశాం గానీ, పైకి చూడలేదు. బెల్టుకు సరిగ్గా పైన, అద్దం కడిగే నీళ్ల డబ్బా ఉంది. దానికి మూత లేదు. మూత బదులు లేతగోధుమరంగు గుడ్డ కుక్కి ఉంది. నా గుడ్డే, పోయిన నెల కుట్టిన కర్టెన్ల లైనింగు ముక్క. దాని కొస ఒకటి కిందికి వేలాడుతూ, ఇంకా తడిగా ఉంది. కారు మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు ఎగిరి గుడ్డను తడపడం, గుడ్డ కొస నుంచి బొట్టు బొట్టుగా బెల్టు మీద పడడం. తిన్నగా వెళ్తే బొట్టు లేదు, అరుపూ లేదు. మెకానిక్ ముందు మా కారు బంగారం ఎందుకైందో అప్పుడు తెలిసింది.

"అత్తయ్యా!" అని కేకేశాను.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, బానెట్ చూసి, మా మొహాలు చూసి, అడగకముందే చెప్పేసింది. "నేను ఇంజన్ ముట్టుకోలేదు తల్లీ, ఒట్టు. అది నీళ్ల డబ్బా. మూత లేక దుమ్ము పడుతోందని గుడ్డ పెట్టాను. అద్దం తళతళలాడుతోందని మొన్న నువ్వే మెచ్చుకున్నావుగా?"

"నీళ్లలో ఏం కలిపారు?"

"గిన్నెలు తోమే సబ్బు. కాస్తంతే."

"కాస్తంటే ఈవిడ లెక్కలో గరిటెడు" అన్నారు మామయ్యగారు.

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. మా ఇంటి సంగతి సరిగ్గా అదే. బానెట్ ముట్టుకోబోమని అందరం మాటిచ్చాం, అందరం చేతులు పెట్టాం. ముగ్గురం దాని మీదికి వంగి ఉండగానే గేటు దగ్గర మోటార్ సైకిల్ ఆగింది. మా ఆయన హెల్మెట్ కూడా తీయకుండా వచ్చి నిలబడ్డారు. మేం తేలు కుట్టిన దొంగల్లా నోళ్లు మూసుకున్నాం. ఎత్తిన బానెట్ మీద ఎర్ర స్టిక్కర్ తలకిందులుగా వేలాడుతోంది.

"నాన్నా, మళ్లీనా!"

"నా సంగతి తర్వాత" అన్నారు మామయ్యగారు. "దీని మూత ఏమైందిరా? ఇది ఊడిపడే మూత కాదు."

మా ఆయన హెల్మెట్ తీశారు. భుజానికున్న బ్యాగు అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికి, నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి బయటికి తీశారు. అంచు దగ్గర చిన్న పగులు.

"పగిలిందని, కొత్తది కొనడానికి నమూనా కోసం తీశాను. తర్వాత..."

"తర్వాత?"

"మర్చిపోయాను."

"మర్చిపోయావా!" అన్నారు మామయ్యగారు. ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. "విన్నావా అమ్మాయ్, వీడు మర్చిపోయాడట! ఈ వయసులో! సుబ్బరంగా మర్చిపోయాడు!" అని కొడుకు వీపు మీద చరిచారు. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. తిట్లు పడాల్సిన చోట ముద్దు దొరికితే ఎవరికి అర్థమవుతుంది? రాత్రి నేను మొత్తం చెప్పాను. ఆయన దుప్పటి తోసి లేచారు. వెళ్లి తండ్రి మంచం పక్కన కూర్చున్నారు.

కానీ అది తర్వాత. ఆ సాయంత్రం పని మిగిలే ఉంది. గుడ్డ పీకేసి, పగిలిన మూతకు టేపు చుట్టి బిగించాం. బెల్టును, చక్రాలను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాం. మామయ్యగారు బెల్టు లాగి పట్టుకుంటే నేను నట్టు బిగించాను. బొటనవేలితో ఆయన నొక్కి చూశారు, నేను నొక్కి చూశాను. కాస్త లొంగింది, కాస్త ఎదురు తిరిగింది. మా ఆయన పక్కన నిలబడి మేం చేసిన ప్రతి పనికీ ఒక నియమం చెప్పారు, ఏ పనినీ ఆపలేదు. చివరికి స్టిక్కర్ చింపమంటే మాత్రం ఒప్పుకోలేదు. పెన్ను తీసి దాని కింద "ఇంజన్ ఆపి, చొక్కా చేతులు మడిచి, ఇద్దరుంటేనే" అని రాశారు. సేఫ్టీ ఆఫీసరుకు అంతకన్నా వంగడం చేతకాదు.

అత్తయ్యను కూడా ఎక్కించుకుని, వీధులన్నీ తిరిగాం. కావాలని మలుపులున్న వీధులే ఎంచుకున్నాను. లైట్లు వేశాను, వైపర్లు తిప్పాను. అత్తయ్య ప్రతి మలుపు దగ్గరా ఊపిరి బిగబట్టింది. గేటు దగ్గర ఆపగానే, నా పక్క సీట్లోనే ఉన్న మామయ్యగారు, ఏమీ విననట్టు అడిగారు.

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు మామయ్యా."

దిగాక ఆయన నా దగ్గర నీలం సుద్ద అడిగి తీసుకున్నారు. బానెట్ ఎత్తి, నట్టు మీద నుంచి పట్టీ మీదికి నిదానంగా ఒక గీత గీశారు.

మర్నాడు పొద్దున నేను తుడిచే గుడ్డతో కారు దగ్గరికి వచ్చేసరికి ఆయన అప్పటికే అక్కడున్నారు. నడకకు వెళ్లలేదు. "తెరువమ్మాయ్" అన్నారు. ఆ గొంతులో నిన్నటి నవ్వు లేదు. నేను గుడ్డ వీపు వెనక దాచుకుని, ఒక చేత్తో బానెట్ ఎత్తాను.

ఆయన వంగి చూశారు. తెగిన వేలి కొసతో గీతను ముట్టుకోబోయి, చెరిగిపోతుందేమోనని ఆపేశారు.

"ఉంది" అన్నారు.